విదియ నాడు అన్న చూసిన మొహం

మా అన్న చావుకు మా వదిన మొహమే కారణమని మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. అది అబద్ధం. ఆ అబద్ధం ఆడింది నేను.

మా వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి దమ్మపేట దగ్గర అడవి అంచున పొలం కొనుక్కున్నారు. నాన్న తొందరగానే పోయాడు. అన్న సేద్యం చేసేవాడు. నేను చదువు మానేసి అతని వెనక తిరిగేవాణ్ణి. ఇంట్లో పెత్తనం అమ్మది.

అమావాస్య వెళ్ళిన విదియ నాడు పొద్దు గుంకగానే అమ్మ పెరట్లో నిలబడి పడమర వైపు, టేకు చెట్ల పైకి చూసేది. గోటితో గీరినంత సన్నగా నెలవంక కనిపించగానే కొంగులోంచి ఒక నూలుపోగు లాగి అటువైపు వదిలేది. పాత పోగు నువ్వు తీసుకుని కొత్త కోక నాకివ్వమని దణ్ణం పెట్టుకునేది. అసలు సంగతి ఆ తర్వాతే. చంద్రుణ్ణి చూసిన కళ్ళతో ముందుగా ఎవరి మొహం చూస్తే ఆ నెలంతా వాళ్ళ అదృష్టం మనకు అంటుకుంటుంది. అందుకని అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, వసారా స్తంభాలు తడుముకుంటూ వచ్చి, మా వదిన ఎదుట కళ్ళు తెరిచేది.

వదినది ముదిగొండ వైపు. అంతకుముందు వేసిన బోర్లన్నీ ఎండిపోతే, ఆమె కాపురానికొచ్చిన నెలలో వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి. అప్పటి నుంచి మా ఇంటి విదియ మొహం ఆమెదే. మామూలు రోజుల్లో మాత్రం అమ్మ ఆమె మాటను వెక్కిరించేది.

"ఏంది, ఏంది అంటావేమే! ఏమిటి అంటే నోరు నొప్పా?"

"నా మాట పనికిరాదు గని, నా మొహం పనికొస్తదా అత్తమ్మా?" అనేది వదిన.

అన్న పడీ పడీ నవ్వేవాడు. అతను కూడా విదియ నాడు పొలం నుంచి కళ్ళు నేలకు దించుకుని వచ్చి, ఇంటి దగ్గరే చంద్రుణ్ణి చూసి, వదిన మొహం చూసేవాడు. ఆ ఒక్క సాయంత్రం తప్ప.

మిరప తోటకు తడులు పెడుతున్న రోజులవి. కరెంటు స్తంభం నుంచి మోటారు షెడ్డుకు పోయే వైరు ఒకచోట నాగలి తగిలి తెగింది. నేనే అతికాను. ఇంట్లో టేపు లేక, యూరియా సంచీ లోపలి పాలిథీన్ కాగితం చింపి ఆ అతుకు మీద చుట్టాను. అతుకు గట్టు మీద పడి ఉండేది. గట్టు ఎప్పుడూ తడే. విదియ నాడు పొద్దున అన్న నన్ను టేపు కోసం సత్తుపల్లి పంపాడు. నేను వెళ్ళి సినిమా చూశాను. హాల్లోంచి బయటికొచ్చేసరికి బస్సు కదులుతోంది. పరిగెత్తి ఎక్కాను. టేపు సంగతి గుర్తొచ్చేసరికి బస్సు ఊరు దాటింది.

పొలానికి చేరేసరికి పొద్దు గుంకింది. అన్న అవతలి గట్టు మీద నిలబడి ఉన్నాడు. అనుకోకుండా తలెత్తినట్టున్నాడు, నెలవంక కళ్ళబడింది.

"అయిపోయింది, చూసేశాను" అన్నాడు. తలగుడ్డలోంచి పోగు లాగి గాల్లోకి వదిలాడు. ఇల్లు దూరం, అంతదాకా కళ్ళు మూసుకుని నడవలేడు. నా వైపు తిరిగి నవ్వాడు.

"ఈ నెలకి నీ మొహమే గతిరా నాకు. దేవుడున్నాడులే."

"నా మొహానికేం? నీకంటే నయం" అన్నాను.

"సరే గానీ, టేపు తెచ్చావా?"

తేలేదంటే సినిమా సంగతి బయటపడుతుంది. "తెచ్చాను. వస్తూ వస్తూ చుట్టేశాను కూడా" అన్నాను. రేపు పొద్దున్నే వెళ్ళి తెచ్చి చుట్టేస్తే సరిపోతుందనుకున్నాను.

ఆ తెల్లవారుజామున కరెంటు వచ్చింది. నేను నిద్రపోతున్నాను. అన్న మోటారు వెయ్యడానికి చెప్పులు లేకుండా వెళ్ళాడు. గట్టు మీది వైరు గురించి అతనికింక భయం లేదు, నేను టేపు చుట్టానన్నాను కదా. కాసేపటికి పాలేరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "చిన్నయ్యా, పెద్దయ్య పడిపోయిండు! లేస్తలేడు!"

అందరికంటే ముందు నేనే పరిగెత్తాను. ఫ్యూజు పీకాను. అన్న అతుకు పక్కనే బోర్లా పడి ఉన్నాడు. వెల్లకిలా తిప్పాను. పేరు పెట్టి పిలిచాను. పోయాడని తెలిశాక నేను చేసిన పని ఇది: అతుకు మీది పాలిథీన్ కాగితం ఊడదీసి మిరప మళ్ళోని బురదలో తొక్కేశాను. తర్వాత వచ్చినవాళ్ళు వైరు చూసి పందికొక్కు కొరికిందన్నారు. నేను ఊ కొట్టాను.

కర్మ జరుగుతున్న రోజుల్లో అమ్మ, నలుగురు ఆడవాళ్ళ మధ్య, ఏడుస్తూనే అడిగింది. "విదియ నాడే కదా! ఆ రోజు ఎవరి మొహం చూశాడో నా కొడుకు?"

వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నాది కాదు అత్తమ్మా. పొలం కాడ తమ్ముని మొహం చూసిన అని, ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు" అంది.

ఆమె ఎవరి మీదా నేరం మోపలేదు. జరిగింది చెప్పింది. అందరూ నా వైపు చూశారు. ఆ కాగితం తొక్కిన బురద ఇంకా నా గోళ్ళలో ఉన్నట్టే ఉంది. పొలం మాట వస్తే వైరు మాట వస్తుంది, వైరు మాట వస్తే టేపు మాట వస్తుందని భయపడ్డాను.

"లేదమ్మా. పొలంలో అసలు చంద్రుణ్ణే చూడలేదు. ఇంటికెళ్ళి చూస్తానని వచ్చాడు" అన్నాను.

వదిన నన్ను చూసింది. "అట్లెందుకు చెప్తున్నవు?" అంది. ఆడవాళ్ళలో ఒకామె, మొగుణ్ణి మింగి అబద్ధాలు కూడానా అంది. అమ్మ ఆమెను ఆపలేదు.

అప్పటి నుంచి ప్రతి విదియ నాడూ పొద్దు గుంకే వేళకు వదినను వడ్ల గదిలోకి పంపి, చీకటి పడేదాకా గడియ పెట్టేవాళ్ళు. పొరపాటున కూడా ఆమె ఎవరి కంటా పడకూడదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు గోడ మీంచి, "లోపలుందా?" అని అడిగాకే పిల్లల్ని బయటికి తెచ్చేవాళ్ళు. ఒక్కోసారి గడియ వెయ్యమని అమ్మ నాకే చెప్పేది. వేశాను. లోపల్నుంచి చప్పుడు వచ్చేది కాదు.

రెండో ఏడు ఆమె అన్న వచ్చి తీసుకుపోయాడు. అమ్మ గడపలోకి కూడా రాలేదు. నేను పెట్టె మోసుకెళ్ళి బస్సు మీద వేశాను. అంతే.

చాలా ఏళ్ళ తర్వాత నా పెళ్ళయింది. నా భార్య వచ్చిన కొత్తలో వానలు బాగా పడ్డాయి. అమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుని స్తంభాలు తడుముకుంటూ రావడం మొదలుపెట్టింది. ఒక విదియ నాడు నా భార్య పడమటింట్లో నక్కి కూర్చుంది. ఏమైందన్నాను.

"నా మొహం చూడొద్దని చెప్పండి మీ అమ్మకి. రేపు ఏదన్నా జరిగితే నన్నూ ఆ గదిలోనే పెడతారా?"

ఆ వారం భద్రాచలం బస్సెక్కాను. వదిన అక్కడొక హాస్టల్లో వంట చేస్తోందని విన్నాను. వెనక వైపు, పొయ్యిల దగ్గర కనబడింది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, బియ్యం చాట పక్కన పెట్టి, పీట చూపించింది.

"వదినా, ఆ రోజు అన్న నా మొహమే చూశాడు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. బస్సులో వచ్చినంతసేపూ కూడబలుక్కున్న మాటలవి.

"అది నాకు తెల్వదా? నాకే చెప్పిండు గదా మీ అన్న." మళ్ళీ చాట అందుకుంది. "ఇంకోటి కూడ చెప్పిండు ఆ రాత్రి. తమ్ముడు టేపు చుట్టిండట, ఇంక భయం లేదన్నడు. నాకు అప్పుడు తట్టలేదు. చానేండ్లకు తట్టింది. టేపు చుట్టిన వైరుని పందికొక్కు కొరికితే టేపు ముక్కన్న దొరకాలె గదా?"

నేను తల దించుకున్నాను.

"చుట్టినవా?"

"లేదు."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. "మొహాల ముచ్చట నాకెందుకు? పోయి మీ అమ్మకు టేపు సంగతి చెప్పు. చెప్పినంక రా, అన్నం పెడత. అప్పటిదాక నా కాడికి రాకు" అంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. కానీ సగమే చెప్పాను. అన్న చూసింది వదిన మొహం కాదు, నాది అన్నాను. వదినను పిలిపిద్దామని నేనూ అనలేదు, ఆమే అనలేదు. తర్వాతి విదియ నాడు పొద్దు గుంకుతుండగా, "నువ్వు లోపలికి పో నాయనా" అంది. వెళ్ళి వడ్ల గదిలో కూర్చున్నాను. అమ్మ బతికినన్నాళ్ళూ ప్రతి విదియకూ అంతే. ఇరుగుపొరుగు చూసి, తల్లికి మతి చలించిందని నా మీద జాలిపడ్డారు. నిజానికి ఆ శిక్ష నాకు హాయిగానే ఉండేది. తప్పు మొహానిదైతే నాది కాదు కదా, దేవుడిచ్చిన మొహం. టేపు సంగతి దాని వెనక భద్రంగా దాగింది.

అమ్మ పోయింది. ఆమెకు ఆ సంగతి తెలియదు. వదిన పెట్టిన షరతు ఇక నేను తీర్చలేను, అందుకే మళ్ళీ భద్రాచలం వెళ్ళలేదు. ఊరికైనా తెలియాలని రాస్తున్నాను. నెలవంకకూ వదిన మొహానికీ, ఆ మాటకొస్తే నా మొహానికీ మా అన్న చావుతో సంబంధం లేదు. నన్ను టేపు తెమ్మన్నాడు. నేను తేలేదు. తెచ్చి చుట్టానన్నాను. అతను నమ్మాడు.