చీపురుని తోడు పెట్టి వెళ్ళిన మధ్యాహ్నం

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా ఊరి కాలవ లాకుల దగ్గర పాడుపడిన బంగళా ఒకటుండేది. పట్టపగలు కూడా అటువైపు ఎవరూ పోయేవారు కాదు. వయసులో ఉండగా పందెం కట్టి అందులో పదకొండు రాత్రులు పడుకున్నవాణ్ణి నేను. అదీ దీపం లేకుండా. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది పిరికివాడి మాటగా తీసుకోవద్దని మనవి.

తొంభై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. నిడదవోలుకి కాస్త దూరంలో, కాలవ పక్క వీధిలో మా ఇల్లు. మా ఆవిడ పోయి అప్పటికి ఆరు నెలలు. అమ్మాయి పద్మ పురిటికి వచ్చి ఉంది. తల్లి లేని పుట్టింట్లో పురుడేమిటని వాళ్ళ అత్తగారు సణిగినా, నాన్న ఒక్కడే ఉన్నాడని పట్టుబట్టి మరీ వచ్చింది. అయిదో నెల వెళ్ళేదాకా ఉంటానంది. మనవరాలికి మూడో నెల.

ఆ రోజు పద్మకి పన్ను నొప్పి. రెండు రోజులుగా దవడ వాచిపోయింది. తణుకులో పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరింది. పిల్లకి పాలిచ్చి, అవసరానికి సీసాలో కూడా పోసి బల్ల మీద పెట్టింది.

"నాన్నా, గుమ్మం దాటకు. అది పడుకుంటే నువ్వూ పక్కనే పడుకో" అంది.

"నిన్ను పెంచినవాణ్ణేనే నేను."

"నన్ను పెంచింది అమ్మ. నువ్వు చూశావంతే" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నడవాలో దూలానికున్న కొక్కేనికి పాత నూలుచీరతో కట్టిన ఉయ్యాల. పిల్ల అందులో పన్నెండున్నరకల్లా నిద్రపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగిపోగానే ఇల్లంతా ఒక్కసారి మూగబోయింది. ఆరు నెలల్లో ఆ నిశ్శబ్దం అలవాటైపోయిందనుకున్నాను. కాలేదు. వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడుతుందేమోనని ఊరికే చెవి అటు పడేసి కూర్చునేవాణ్ణి.

గ్రైప్ వాటర్ అయిపోయింది. మందుల షాపు వీధి చివరే, పది నిమిషాల పని. పిల్ల మంచి నిద్రలో ఉంది, లేచేలోపు వచ్చేయొచ్చు. పద్మ పసిబిడ్డగా ఉన్నప్పుడు మా ఆవిడ గేదెలకి మేత వెయ్యడానికి దొడ్లోకి వెళ్తూ ఉయ్యాల కింద చీపురు, ఓ ఇనప అట్లకాడ పెట్టేది. ఒంటరిగా ఉన్న పసిపిల్లకి అవే తోడట. నేనూ అలాగే పెట్టాను. దొడ్డి తలుపు గడియ వేసి, కిటికీలు మూసి, వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఎదురింటి సత్యవతిగారు అరుగు మీద నిలబడి ఉన్నారు.

"అన్నయ్యగారూ, మీ ఇంటికి చుట్టాలొచ్చారేంటండీ? పాపం, పిల్ల గుక్క పట్టి ఏడుస్తుంటే ఆవిడెవరో ఊరుకోబెడుతున్నారు. ఊరుకో తల్లీ, ఊరుకో తల్లీ అని."

గబగబా మా గుమ్మం ఎక్కాను.

తాళం వేసినది వేసినట్టే ఉంది. తీశాను. నడవాలో గాలి లేదు, కరెంటు ఇంకా రాలేదు. ఉయ్యాల ఊగుతోంది. ఊరికే కదలడం కాదు, మనిషి తాడు పట్టుకుని ఊపితే ఊగినట్టు, కొక్కెం కిర్రుమనేలా. పిల్ల నిద్రపోతోంది. చెంపల మీద కన్నీళ్ళ చారలు ఇంకా ఆరలేదు. అట్లకాడ పెట్టినచోటే ఉంది. చీపురు లేదు. అది వంటింటి తలుపు వెనక మూలన నిలబెట్టి ఉంది, మా ఆవిడ ఎప్పుడూ పెట్టే చోట. పరిగెత్తి దొడ్డి తలుపు చూశాను. లోపలి గడియ వేసినట్టే ఉంది.

ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, రైళ్ళలో ఈ సంగతి చెప్పగా చెప్పగా కొంత పెరిగింది. పాలసీసా ఖాళీ అయి, కడిగి బోర్లించి ఉందని చెప్పేవాణ్ణి. అది నేను చేర్చిందే. సీసా పెట్టింది పెట్టినట్టే ఉంది. బంగళాలో పదకొండు రాత్రులు కూడా అంతే. పడుకున్నది ఒక్క రాత్రి. పక్కన మా బావ ఉన్నాడు, లాంతరూ ఉంది. కోడి కూయకముందే ఇద్దరం లేచి ఇంటికొచ్చేశాం.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గ్రైప్ వాటర్ అయిపోలేదు. సీసా నిండుగానే ఉంది. నేను వెళ్ళింది రైస్ మిల్లు అరుగు మీదికి, పేకాట దగ్గరికి. ఆడలేదు కూడా. నలుగురు మనుషులు పోట్లాడుకుంటుంటే వింటూ కూర్చున్నాను. పది నిమిషాలు కాదు, దగ్గర దగ్గర గంటన్నర.

పసిపిల్ల కాళ్ళు తన్నుకుంటే ఉయ్యాల ఊగుతుందని ఒక మాస్టారన్నారు. ఊగుతుంది, నేనూ చూశాను. అలా కిర్రుమనదు. చీపురు నేనే మూలన పెట్టి మరిచిపోయానేమో అన్నారు. అయ్యుండొచ్చు. మరి సత్యవతిగారు విన్న గొంతు? ఆవిడ పుల్లవిరుపు మనిషే గానీ అబద్ధం చెప్పే మనిషి కాదు. "మా ఆవిడ గొంతులా ఉందా అమ్మా?" అని ఒకసారి అడిగాను. ఆవిడ "ఏమోనండీ, సరిగ్గా వినలేదు" అన్నారు. మళ్ళీ అడగలేదు. మా ఆవిడే వచ్చి ఊపిందని నాకు నేనే ఖాయం చేసుకున్నాను.

తణుకు నుంచి వచ్చాక పద్మకి నేను చెప్పలేదు. సత్యవతిగారే చెప్పారు. నాలుగో రోజున అల్లుడు కారు తెచ్చాడు. అయిదో నెల దాకా ఉంటానన్న పిల్ల వెళ్ళిపోయింది. కొక్కెం మాత్రం అలాగే ఉంచేశాను. ఆ గంటన్నరా ఆ నడవాలో ఏం జరిగిందో, ఎవరున్నారో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంతవరకూ రాసి, మొన్న జంగారెడ్డిగూడెంలో పద్మ ఇంటికి వెళ్ళినప్పుడు చదివి వినిపించాను. పొట్లకాయ తరుగుతూ చివరిదాకా విన్నది. మనవరాలు స్కూలుకి వెళ్ళింది, ఇంట్లో మేమిద్దరమే.

"అంతా రాశావు గానీ నాన్నా, ఆ సాయంత్రం సంగతి రాయలేదేం?" అంది. "దానికి ఆకలేసి నోరు తెరిస్తే గొంతు రాలేదు. ఏడుస్తోంది, చప్పుడు లేదు. రెండు రోజులు అలాగే ఉంది. నువ్వూ చూశావు. అమ్మ వచ్చి ఊపిందంటావు. అమ్మే వచ్చుంటే, నా పిల్లని గొంతు పోయేదాకా ఏడవనిచ్చేదా?"