ఆమె పోయిందని రాశాను

పదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పడం సులువనిపిస్తోంది. నేను చేసింది ఎంత తప్పో నాకే సరిగా తెలియదు. మీరు తీర్పు చెప్పనవసరం లేదు. వింటే చాలు.

గూడూరులో డిగ్రీ చదివే రోజుల్లో నాకొక పిచ్చి ఉండేది. ఎవరూ వినని పాటలు వెతకడం. సినిమా పాటలు కావు. పెద్ద కంపెనీల అండ లేకుండా, తమ గదుల్లో కూర్చుని సొంతంగా పాడుకునేవాళ్ల పాటలు. వాటి గురించి వందలమంది బ్లాగులు రాసేవారు. ఆ బ్లాగుల్లోని పాటలన్నింటినీ ఒకేచోట పోగుచేసి వినిపించే సైటు ఒకటి ఉండేది. పాట నచ్చితే పక్కనున్న గుండె బొమ్మ నొక్కాలి. ఎక్కువ గుండెలు పడ్డ పాట మొదటి పేజీకి ఎక్కుతుంది. చిట్టమూరు పక్క పల్లెలో, కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఇంట్లో కూర్చుని, ఐస్‌లాండ్ కుర్రాడి పాటను వాడి ఊరివాళ్లకంటే ముందే విన్నానని మీసం మెలేసేవాణ్ణి. అప్పటికి మీసం సరిగా రాలేదు, అది వేరే సంగతి. తర్వాత నేనూ ఇంగ్లీషులో ఒక బ్లాగు మొదలుపెట్టాను. ఆ సైటువాళ్లు చేర్చుకున్నారు.

మా ఎదురింటి అక్క రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. పొద్దస్తమానం ఐసులో చేతులు. సాయంత్రం వాకిట్లో కూర్చుని తనే పాటలు కట్టి పాడేది. “ఐసుగడ్డ కరిగిపాయె, నా ఏళ్లకింకా తెలివి రాదాయె” అని ఒకటి. ఐసు కరిగినా మొద్దుబారిన వేళ్లకు ఇంకా స్పర్శ రాలేదని. అలాంటి పాట నేను ఏ దేశం బ్లాగులోనూ వినలేదు. ఆమెను అడిగే ఫోన్లో రికార్డు చేశాను. నెట్‌లో పెడతానంటే సిగ్గుపడుతూనే ఒప్పుకుంది.

మొదటి పాటకు ‘మా ఎదురింటి ఆవిడ’ అని ఉన్నదున్నట్టు రాశాను. మూడు గుండెలు పడ్డాయి. అందులో ఒకటి నాదే. ఒళ్లు మండింది. రెండో పాట పెట్టేటప్పుడు ఏం బుద్ధి పుట్టిందో, మొదటిదాన్ని తీసేసి, ‘పేరు తెలియని కూలీ, ఈ మధ్యే చనిపోయింది, మిగిలినవి ఈ పాటలే’ అని రాశాను. ఎందుకలా రాశాను? పోయినవాళ్ల పాటలకు అక్కడ గిరాకీ ఎక్కువని గమనించినందుకా? లేక ఆమెను కనిపెట్టిన ఘనత నాకొక్కడికే మిగలాలని, ఇంకెవరూ నేరుగా ఆమెదాకా రాకూడదనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రెండు రోజుల్లో ఆ పాట మొదటి పేజీకెక్కింది. విని ఏడ్చామని ఎక్కడెక్కడివాళ్లో రాశారు. చిన్న రికార్డుల సంస్థ నడిపే ఒకాయన, ఆమె పాటలన్నీ కలిపి ఆల్బమ్‌గా తెస్తానన్నాడు. ఆమెవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆమెవాళ్లేమిటి, ఆమే ఎదురింట్లో చేపలు కడుగుతోంది! నిజం చెబితే నా పరువు పోతుంది. నేను జవాబు రాయలేదు.

ఆ వారమే అక్క నన్ను వాకిట్లో ఆపింది.

“ఏం అబ్బయ్యా, నా పాట ఎవురన్నా ఇన్నారా?”

“లేదక్కా. ఎవురూ ఇన్లా.”

“ఒక్కరు గూడానా?”

తల అడ్డంగా ఊపాను.

“పోనీలే. రొయ్యలు ఒలిచేదాని పాట ఎవురికి కావాల? నువ్వన్నా ఇన్నావు గదా, అది చాల్లే” అని నవ్వింది.

ఆ తర్వాత ఆమె పాడటం తగ్గించింది. కొన్నాళ్లకు మానేసింది. నా మాట వల్లేనా? ఏమో. ఆ ఏడే షెడ్డులో పనివేళలు కూడా పెరిగాయి. ఇలా నాకు అనుకూలమైన కారణాలు నేనే వెతికిపెట్టుకుంటున్నానేమో. ఒకసారి ఆమెకు వారంపాటు జ్వరం తగ్గకపోతే, నేను రాసిన రాతే తగిలిందని వణికిపోయాను. బతికున్న మనిషిని పోయారంటే ఆయుష్షు పెరుగుతుందని మా అమ్మ అంటుండేది. అది గుర్తుచేసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. చూడండి, చివరికి ఆమెకు మేలే చేశానని అనుకునేదాకా వెళ్లాను. సిగ్గుగా ఉంది.

ఆ సైటు మూతపడి చాలాకాలమైంది. నా బ్లాగు మాత్రం ఇంకా ఉంది. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు ‘ఆమె ఆత్మకు శాంతి కలగాలి’ అని రాస్తారు. చదివి తలెత్తితే, ఆమె ఎదురుగా బట్టలు ఆరేస్తూ ఉంటుంది. మా రెండు వాకిళ్ల మధ్య పది అడుగుల దూరం. ఇన్నేళ్లలో ఆ పది అడుగులు వేయలేకపోయాను. నిజం తెలిస్తే మళ్లీ పాడుతుందా? లేక చేజారిపోయిందేమిటో అర్థమై మరింత కుమిలిపోతుందా? చెప్పకుండా ఉన్నది ఆమె కోసమా, నా కోసమా?

ఆమె ముందు నిలబడే ధైర్యం ఈరోజుకీ లేదు. మీకు రాస్తుంటే మాత్రం ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. అందుకు నామీద నాకే కోపంగా కూడా ఉంది. అయినా రాస్తాను. ఆమె పేరు రమణమ్మ. బతికే ఉంది. ఆమె పాట వేలమంది విన్నారు. ఒక్కరు కూడా వినలేదని ఆమెకు చెప్పింది నేనే.