కూల్చేసిన గోడ మీది తీగ

ఉప్పల్‌లో నాచారం బస్సు ఎక్కాను. పక్క సీటులోని అమ్మాయి మెడలో ల్యాబ్ కార్డు ఉంది. నా సంచిలోని తిప్పతీగ ముక్కలను చూసి అడిగింది.

"ఎవరు తాగుతున్నరు బాపూ?"

"మా ఇంటామె. నెల సంది కషాయం ఇస్తున్న."

"గోడ మీద పాకినదల్లా మందు గాదు. అచ్చం గిట్లనే ఉండే తీగ ఇంకోటుంది. అదయితే కామెర్లు రావచ్చు. ఉత్త కంటితోని చెప్పలేం. పల్చగ కోసి మైక్రోస్కోప్ కింద సూడాలె, రసాయన పరీక్ష జెయ్యాలె. తేలేదాక ఇయ్యకుండ్రి."

సంచి ఆమె ముందుకు జరిపాను. ఆమె ఒక ముక్కను కాగితంలో చుట్టుకుని, నా నంబరు రాసుకుంది.

"మొదటి సంది గీ తీగేనా?"

కాదన్నాను. మొదటి పదిహేను రోజులు కోసింది వేరే ఇంటి గోడ మీద. ఆ గోడను కూల్చేశారు. కషాయం ఇచ్చిన వేళ రోజూ డైరీలో రాశాను కాని, తీగ ఎక్కడిదో ఒక్కనాడూ రాయలేదు.

మూడో రోజు ఫోన్ చేసింది. "ఫికర్ జెయ్యకుండ్రి బాపూ, మీరిచ్చింది అసలు తిప్పతీగనే."

ఆమె చెప్పింది ఆ ఒక్క ముక్క గురించి. ఇప్పటికీ పొద్దున్నే నా భార్య కళ్లు పచ్చబడ్డాయేమో చూసి, ఆ తర్వాతే డైరీ తెరుస్తాను.