గడియ లేని ఓడ ఇల్లు

సముద్రం ఒడ్డున పుట్టిన మా తాతగారు ఈ ఒడిశా కొండల్లోకి వచ్చి కలప వ్యాపారం చేశారు. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే రోడ్డు పక్కన ఓడ ఆకారంలో ఇల్లు కట్టించారు. గుండ్రటి కిటికీలు, మొనలా పొడుచుకొచ్చిన వసారా, మేడ మీద జెండా కొయ్య. వీధి తలుపుకు మాత్రం గడియ పెట్టనివ్వలేదు. గడియ వేసుకునేంత భయం మనకెందుకని ఆయన మాట. అందుకని ఇంట్లో మా వాళ్ళెవరో ఒకరు ఎప్పుడూ ఉండి తీరాలి. వ్యాపారం పోయింది, పొలాలు పోయాయి. ఆ నియమం నాకు దక్కింది.

ఇప్పుడు దారిన పోయే కార్లు ఇక్కడ ఆగుతాయి. సెలవు రోజుల్లో దామంజోడి ఫ్యాక్టరీ కాలనీ నుంచి కుటుంబాలు వస్తాయి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని గదులన్నీ చూపిస్తాను. టిక్కెట్టు ఎంతని ఎవరైనా అడిగితే నాకు తల తీసేసినట్టుంటుంది. వంటగదిలోకి తొంగిచూసి, "నిజంగా ఇక్కడే ఉంటారా?" అని నా భార్యను అడిగినవాళ్ళున్నారు. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం కలిసి ఊరు దాటింది లేదు.

కిందటి వేసవిలో మా మేనకోడలికి జయపురంలో పెళ్ళి కుదిరింది. తల్లీ తండ్రీ లేని పిల్ల. తనే ఫోన్ చేసింది.

"మావయ్యా, పీటల మీద నువ్వూ అత్తా కూకోవాల. ఇంకెవులు కూకున్నా నానొప్పుకోను."

వస్తామన్నాను. మర్నాడే నా భార్య వడ్రంగిని పిలిపించింది. అతను గడియ చేతిలో పట్టుకునే వచ్చాడు.

"గంట పని బాబూ. బిగించీసేనంటే పిల్లి కూడా దూరదు."

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. "దీనికి మేకు దిగడానికి వీల్లేదు."

"పోనీ పక్కింటాయన్ని కూకోబెడదారి, రెండ్రోజులే కదా," అంది నా భార్య.

"మన ఇంటికి కాపలా మనిషా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"ఊరికేటండీ! దారే పోయేవోళ్ళంతా మన మంచాల మీద కూకుని సెల్ఫీలు తీసుకుంతన్నారు. ఇంకేటి మిగిలిందని కాస్తన్నారు?"

వడ్రంగి నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఆ నవ్వు చూశాక ఇక నేను మాట మార్చలేకపోయాను. టీ ఇప్పించి పంపేశాను.

పెళ్ళికి నా భార్య ఒక్కతే బస్సెక్కింది. కన్యాదానం దంపతులు చెయ్యాలి. పక్కన నేను లేకుండా ఆమె పీటల మీద కూర్చోలేదు. పిల్ల పెదనాన్నా పెద్దమ్మా పెళ్ళికొడుకు కాళ్ళు కడిగారు. సరిగ్గా ఆ ముహూర్తం వేళకు నేను విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబానికి మేడ చూపిస్తున్నాను. జెండా కొయ్య పక్కన నిలబడమంటే నిలబడ్డాను. ఫోటోలో నవ్వాను కూడా.

నా భార్య తిరిగొచ్చాక పెళ్ళి కబుర్లు చెప్పలేదు. నేను అడగలేదు. వారం తరువాత మేనకోడలు ఫోన్ చేసింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను పక్కగదిలో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మావయ్యకి ఇమ్మంటావా?" అని నా భార్య అడగడం వినిపించింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను. "సర్లే అమ్మి, ఉంటాను మరి," అని ఫోన్ పెట్టేసింది.