గడప మీద ఆగకూడని జీపు

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. శాలిబండ ఎత్తు మీద నిండు బస్సుతో, ముందు ఆటో, పక్కన తోపుడు బండి, వెనక హారన్లు, ఇన్ని ఉన్నా బ్రేకు మీద కాలు వణకని మనిషి. అలాంటివాడు మా ఇంటి గడప తట్టుకుని పడి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాడు. రోడ్డు మీద పడి ఉంటే నలుగురికి చెప్పుకోవడానికైనా బాగుండేది. చూడవచ్చినవాళ్లు "యాక్సిడెంటా?" అని అడగడం, ఈయన గోడ వైపు తిరిగి పడుకోవడం, నేను "గడప తట్టుకున్నడు" అనడం. నాకు నవ్వు ఆగేది కాదు, ఆయనకు కోపం ఆగేది కాదు.

మాది పాత ఇల్లు. వీధి తలుపుకు టేకు గడప, ఇప్పుడెవరూ పెట్టించుకోనంత ఎత్తుది. గడప దాటితే చిన్న వాకిలి, పక్కన అరుగు, ఎదురుగా మురుగు పారే మోరీ, దాని అవతల గల్లీ. డ్యూటీ దిగి వచ్చి ఆ అరుగు మీద చాయ్ తాగడం ఆయనకు నేను కాపురానికి రాకముందు నుంచీ ఉన్న అలవాటు. గల్లీలో పోయే ప్రతివాడినీ ఆపి సగం తెలుగు, సగం ఉర్దూ మాట్లాడితే గాని చాయ్ దిగదు. కాలు విరిగాక ఆ చాయ్ మంచం దగ్గరికి వచ్చింది.

సిమెంటు కట్టు తీసేసిన రోజు డాక్టరు, ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది, ఇక నడవడమే మందు అన్నాడు. ఈయన వాకర్ పట్టుకుని బాత్రూముకు పోయేవాడు, వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు తీసి చూసేవాడు. వీధి తలుపు దాకా కూడా పోయేవాడు. గడప చూడగానే మాత్రం ఆగి, "నొప్పి లేస్తున్నది" అని వెనక్కి తిరిగేవాడు. అది నొప్పి కాదని నాకు తెలుసు, భయం. డ్రైవరుతో నువ్వు భయపడుతున్నావు అంటే ఇంట్లో లొల్లే. కానీ అది క్లచ్ తొక్కే కాలు. గడప దాటని కాలు రేపు బస్సెలా ఎక్కుతుందన్నది నా ఫికర్. ఆయన ఫికరూ అదేనని రాత్రిళ్లు ఆ కాలు నిమురుకోవడం చూస్తే తెలిసేది.

అందరూ పళ్లు తెస్తే మా తమ్ముడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. దాని నిండా ప్లాస్టిక్ బ్లాకులు, పళ్ల చక్రాలు, చిన్న మోటారు, సెల్లుల డబ్బా, రిమోటు. కూర్చుకుంటే కొండలెక్కే జీపు అవుతుందట. "బండి లేక బావ పరేషాన్ అయితుండు, గిదన్న నడుపుకోనీ" అన్నాడు. ఏ వయసులో ఏ ఆటలురా అని వాణ్ని కడిగేశాను. ఈయన మాత్రం వాడు గుమ్మం దాటకముందే పెట్టె విప్పాడు.

సాయంత్రానికి జీపు ఇల్లంతా తిరుగుతోంది. రిమోటు మీద చక్రం ఒకసారి తిప్పితే మళ్లీ ఆపేదాకా పోతూనే ఉంటుంది. టీవీ రిమోటులాగే బండి కంటికి ఎదురుగా ఉంటేనే మాట వింటుంది. బియ్యం ఏరుకుంటున్న మా అత్తమ్మ కాళ్లకు గుద్దింది, నా కుట్టు మిషన్ కింద దూరింది, చివరికి గడప దగ్గరికి పోయి ముక్కు ఆనించి, చక్రాలు ఊరికే తిప్పుకుంటూ నిలబడిపోయింది.

"గిదేం జీపే? గడప ఎక్కదు" అన్నాడు.

"నువ్వెక్కుతున్నవా?" అనేశాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పోతుంది.

ఆ పూట ఆయన నాతో మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి మాత్రం జీపును ముక్కలు ముక్కలుగా విప్పి మంచమంతా పరుచుకుని ఉన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో జీపు గురించి మాట్లాడితే కాలు గురించి మాట్లాడినట్టే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురమూ తెలియనట్టే ఉన్నాం.

అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "గడపంటే లచ్చిమి. తొక్కినవ్ గాబట్టే కాలు ఇరిగింది. మళ్ల దాని మీద బండ్లు ఎక్కిస్తవా?"

"చక్రమమ్మా, కాలు గాదు" అన్నాడు ఈయన.

ఆమె చేట పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "సరే పోనీ. గని దాని మీద ఆగొద్దు. ఎక్కినట్టే దిగాలె. ఆగిందంటే పొయ్యిల పెడ్త." ఆ జీపు ఎలా ఉండాలో నిర్ణయించింది ఆ మాటే.

మా తమ్ముణ్ని వేధించి పెద్ద చక్రాలు తెప్పించాడు. పెద్ద చక్రాలు పెడితే మోటారు మూలిగి ఆగిపోయింది. కాలు విరిగాక మొదటిసారి ఆయన పగలబడి నవ్వడం అప్పుడే చూశాను. "థర్డ్ గేర్ల శాలిబండ ఎక్కించినట్టున్నది" అని, మోటారుకు చిన్న పళ్ల చక్రం, ఇరుసుకు పెద్దది మార్చాడు. అదే ఫస్ట్ గేరట. జీపు నత్తలా నడిచింది గానీ, అడ్డం పెట్టిన నా చెప్పును తోసుకుని పోయింది.

టేకు గడపకు పసుపు రంగు ఆయిల్ పెయింటు వేసి ఉంటుంది కాబట్టి చక్రాలు జారాయి. పంక్చర్ షాపు నుంచి పాత సైకిల్ ట్యూబు తెచ్చి ఇచ్చాను. నేను ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టి పికో చేస్తాను. లాడ్ బజార్‌లో ఏరి కొన్న నా కత్తెరను బట్ట తప్ప దేన్నీ ముట్టనివ్వను, కాగితం కోసినా ఊరుకోను. ఆ కత్తెరతోనే రబ్బరు పట్టీలు కోసి చక్రాలకు తొడిగాను. ఆయన నా చేతుల వైపు చూశాడు. నేను చూడనట్టే ఉన్నాను. ఆ మనిషి మీద నాకెంత ప్రేమో ఆ కత్తెరకు తెలుసు.

ఈసారి ముందు చక్రాలు ఎక్కాయి. అవతలికి దిగాయి కూడా. ఆ తర్వాత జీపు పొట్ట గడపకు ఆనుకుని, నాలుగు చక్రాలూ గాలిలో వేలాడుతూ, సరిగ్గా ఆగకూడని చోటే ఆగింది.

"ఆగింది! లచ్చిమి మీద పండుకున్నది!" అత్తమ్మ కేకకు పక్కింటివాళ్లు తలుపు తీశారు. ఆమె జీపును మంచం వైపు పడేసి గడప కడిగి, మళ్లీ పసుపు రాసింది.

ఈయనకు ఆ తిట్లు చెవిన పడలేదు. వాకర్ వదిలేసి, మంచం కోడు పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగి, బోర్లా పడుకుని జీపు పొట్ట చూస్తున్నాడు. కట్టు తీశాక ఒక్కసారైనా నేల మీద కూర్చోమంటే కూర్చోని మనిషి.

కింద వేలాడుతున్న సెల్లుల డబ్బాను పైకి, ముందుకు జరిపాడు. "ఎత్తెక్కేటప్పుడు జనమంత ఎనక డోరు కాడనే ఉంటె ముందు తేలిపోతది. ముందుకు జరుగున్రి అనాలె" అని సెల్లులకు చెప్పాడు. పొట్ట ఎత్తు పెంచి, ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ దగ్గరికి తెచ్చి, మోటారు బలం నాలుగింటికీ అందేలా మధ్యలో ఒక కడ్డీ వేశాడు. నేను మిషన్ నూనె ఒక్కో చుక్క పోశాను. కిరకిర పోయింది.

అంతా సిద్ధమయ్యేసరికి శుక్రవారం వచ్చింది. మేం అన్నాలు తింటుండగా, పూజ లేకుండా కొత్త బండిని నడపనివ్వడానికి అత్తమ్మకు మనసొప్పలేదు. బొట్లు పెట్టి ఊరుకుంటే బాగుండేది. నూనె కలిపిన పసుపు నాలుగు చక్రాలకూ గడపకు మెత్తినట్టు మెత్తి, కుంకుమ అద్ది, ముందు నిమ్మకాయ పెట్టింది. మేం ఆ నూనె సంగతి చూసుకోకుండానే బండి వదిలాం. జీపు నిమ్మకాయను పక్కకు తోసి, గడప దగ్గర ఉన్నచోటే గిర్రున తిరుగుతూ గోడకంతా పసుపు చిమ్మింది.

ఈయన రిమోటు మంచం మీదికి విసిరేశాడు. "ఇగ ఎక్కదు. తీసేయిన్రి. నాతోని గాదు."

ఆ గొంతు జీపు గురించి కాదు. అత్తమ్మకు కూడా అర్థమైంది, ముఖం చిన్నబోయింది. జీపు తీసుకుపోయి, పాత బ్రష్షుతో, కుంకుడు రసంతో ఒక్కో చక్రం తోమింది. చిన్నప్పుడు ఈయననయినా అంత ఓపికగా తోమి ఉండదు. కొంగుతో తుడిచి, వాకిట్లో ఎండకు పెట్టింది.

సాయంత్రం తనే దాన్ని గడప ముందు నిలబెట్టి, రిమోటు కొడుకు చేతిలో పెట్టింది. "నడుపు బిడ్డా."

నేను మిషన్ దగ్గర కూర్చుని ఉన్నాను. ముందు చక్రాలు పట్టు దొరికించుకుని మెల్లగా లేచాయి. పొట్ట తాకకుండా దాటింది. వెనక చక్రాలు గడప మీదికి వచ్చాయి, ఆగలేదు, అటువైపు ధడేలుమని దిగాయి.

"ఆగలే!" అంది అత్తమ్మ, చేతులు జోడించి.

ఈయన మంచం మీద నవ్వుతూనే ఉన్నాడు, జీపు పోతూనే ఉంది. తలుపు చాటుకు వెళ్లిపోయాక ఇక రిమోటు మాట వినదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. "ఏమే! మోర్ల పడ్తది! ఉరుకు!"

నేను లేవబోయాను. లేవలేదు. తలుపు దగ్గరే ఉన్న అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఉన్నట్టుండి లోపలికి వచ్చి మంచం కింద ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. నేను మిషన్ తొక్కాను, గట్టిగా, ఏమీ వినపడనట్టు.

"ఓయ్! ఇనబడ్తలేదా?"

వినబడలేదు. వాకర్ టకటకమంటూ పోయి గడపకు కొట్టుకుంది. దాన్ని పక్కకు నెట్టిన చప్పుడు. కంటి కొస నుంచి చూస్తున్నాను. ద్వారబంధం పట్టుకున్నాడు. కుడి కాలు దాటింది. ఎడమ కాలు లోపలే ఉండిపోయింది. నేను తొక్కుతూనే ఉన్నాను. తర్వాత ఆ కాలు లేచింది, ప్రహరీ గోడ దాటుతున్నంత ఎత్తుకు లేచి, గడపను తాకకుండా అవతల దిగింది.

అప్పుడు కిందికి చూసుకుంటే సూది కింద బట్టే లేదు. దారం ఉత్తగా చిక్కుపడి ఉంది. నా కళ్లు మసకబారి ఆ చిక్కు విప్పడం కూడా చేతకాలేదు.

బయట ఎంతకీ ఉలుకూ పలుకూ లేకపోతే కిటికీలోంచి చూశాను. అరుగు మీద కూర్చుని, ఒడిలో జీపును తిరగేసి, గోటితో మోరీ బురద గీకుతున్నాడు. లోపలికి చూడకుండానే కేకేశాడు.

"ఏమే, చాయ్ ఈడికే తే."