బోర్డు పచ్చగా ఉన్న రోజు

క్రిస్మస్ పాటలకి తెల్లవారుజామున ప్రాక్టీసు చేస్తుంటే, ఎన్నో ఏళ్లుగా ఒక్క ఊపిరిలో పాడే చరణం నాకు మధ్యలో తెగిపోయింది. వెంటనే దగ్గు. పక్కన పాడుతున్న మా ఆడపడుచు సుజాత, "మిర్చి ఘాటులే వదినా, నాకూ గొంతు మంటే" అంది. గుంటూరులో ఎవరు దగ్గినా వినపడే మాటే అది. నేనూ నమ్మాను.

అల్లం కషాయం, ఆవిరి, ఇంట్లో తాళింపు పెట్టినవాళ్లకల్లా తిట్లు. నెల గడిచేసరికి మెట్లెక్కితే పిల్లికూతలు మొదలయ్యాయి.

బ్రాడీపేటలో డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించింది. స్పైరోమెట్రీ అట. "ఆస్తమా అమ్మా. ఇన్‌హేలర్ రోజూ రెండు పూటలా. బాగున్నా మానొద్దు."

"అలవాటైపోతుందేమోనండీ?"

"కళ్లజోడు అలవాటైపోయిందని ఏడుస్తున్నారా?"

"మరి పాడగలనా?" నాకు కావలసింది అదొక్కటే. మా చర్చి క్వయర్లో పెళ్లికి ముందు నుంచీ పాడుతున్నాను. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో మొదటి పాట నాదే.

"పాడొచ్చు. గాలి బాగోలేనప్పుడు బయట తిరగకండి" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను చేసిన నిర్వాకం వినండి. నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లే దారిలో గాలి నాణ్యత కొలిచే స్టేషన్ ఉంది. కంచె లోపల చిన్న గది, పైన గొట్టాలు, బయట అంకెలు మారే బోర్డు. గాలి బాగుంటే ఆకుపచ్చగా, పాడైతే ఎర్రగా వెలుగుతుంది. అన్నాళ్లూ అది ఎండ ఎంతో చెబుతుందనుకున్నాను. ఇప్పుడు రోజూ దాని ముందు స్కూటీ ఆపడమే. అదే అంకె మళ్లీ ఫోన్లో చూడటం, క్లాసు మధ్యలో చూడటం, పొయ్యి మీద కూర మాడుతుంటే చూడటం. "ఏమే, ఊపిరి పీల్చుకోవచ్చా అని ఆ స్టేషన్‌కే ఫోన్ చేసి అడగరాదూ?" అన్నాడు మా ఆయన. ఒళ్లు మండింది. కానీ చూడకుండా ఉండలేకపోయాను.

బోర్డు పచ్చగా ఉన్న రోజు మందు మానేసేదాన్ని. గాలి బాగుంటే మందెందుకు? లెక్కల టీచర్ని కదా, నా లెక్క నాకు భలే నచ్చింది.

ఫిబ్రవరిలో అలాంటి ఒక పచ్చటి రోజున ఇన్‌హేలర్ ఇంట్లో పడేసి ప్రత్తిపాడులో మా బడికి వెళ్లాను. పక్క చేలో పత్తికట్టె తగలబెట్టారు. పొగ కిటికీల్లోంచి క్లాసులోకి వచ్చింది. ఊపిరాడలేదు. సైన్సు మాస్టారు కారులో గుంటూరు చేర్చేదాకా ప్రాణం పోతుందనే అనుకున్నాను. క్యాజువాలిటీలో మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ పెట్టారు.

డాక్టరమ్మ చెడామడా తిట్టింది. "ఆ మెషీన్ అబద్ధం చెప్పలేదు. తన చుట్టూ ఉన్న గాలి కొలిచింది. ప్రత్తిపాడు పొగ దానికెలా తెలుస్తుంది? పైగా ఆ రంగు రోజంతటి సగటు. ఊరికి పెట్టిన బోర్డుని మీరు మందుచీటీ చేసుకున్నారు!"

తర్వాత చల్లబడి, అదే స్టేషన్ గంట గంటకీ ఇచ్చే గ్రాఫు ఫోన్లో చూపించింది. చలికాలం తెల్లవారుజామున పీఎం 2.5 అనే సన్నటి ధూళి గీత పైకి లేస్తోంది, మధ్యాహ్నానికి దిగుతోంది. మేం గుండెల నిండా గాలి పీల్చి పాడేది సరిగ్గా గీత లేచే వేళకే! అది తీసుకెళ్లి పాస్టరు గారికి చూపించి, ప్రాక్టీసు వేళ మార్చమన్నాను. "నిద్ర చాలక అడుగుతున్నావేమో అనుకున్నానమ్మా" అని నవ్వి, ప్రాక్టీసు సాయంత్రం నాలుగింటికి మార్చారు.

ఈస్టర్ ఆరాధన మాత్రం తెల్లవారుజామునే, అది మారదు. ఇన్‌హేలర్ పీల్చి, నోరు పుక్కిలించి వెళ్లాను. మొదటి పాటలో ఒక్క ఊపిరిలో పాడాల్సిన చరణం దగ్గర మళ్లీ ఊపిరి అందలేదు. సుజాత ఎప్పుడు కనిపెట్టిందో, తన గొంతు పెంచింది. ఆ చాటున ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాను. బయటికొచ్చాక మా ఆయన, "ఒక్క ఊపిరిలో లాగేశావే!" అన్నాడు. సుజాత నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుంది.

ఇప్పటికీ బోర్డు ముందు స్కూటీ ఆపుతాను, మనసు ఊరుకోదు. మీరూ చూడండి. ఏ వేళ బయటికెళ్లాలో దాని గంటల గ్రాఫుని అడగండి. కానీ అది ఎర్రగా ఉన్నా పచ్చగా ఉన్నా, సంచిలో ఇన్‌హేలర్ ఉందో లేదో తడుముకుని మరీ గడప దాటండి.