ప్లస్సు మీద కుంకుమ బొట్టు

రొద్దం దగ్గర మా ఊళ్లో ట్రాక్టరు ఒక్కటే, అది మాదే. నడిపేది నేను, రిపేరు చేసేది నాయన. నడపడం కన్నా రిపేరే ఎక్కువ కాబట్టి ఊళ్లో పేరంతా నాయనకే వచ్చింది. దాని డైనమో మహా సోమరిది. నిదానంగా దున్నేటప్పుడు లైట్లు మినుకుమినుకుమనేవి. మాది చినుకును నమ్ముకున్న నేల. పదును ఆరేలోగా, పొద్దు మునిగినా సరే, దున్నాల్సిందే.

అరవైల చివర ఒక ఏడు వేరుశనగ మొత్తం పోయింది. వెనక వాన ఒక్కటి పడితే ఉలవలైనా వేసుకోవచ్చని ఇంటిల్లిపాదీ, ఎద్దులతో సహా, ఎదురుచూశాం. ఆ వాన కోసమే నాయన హిందూపురం నుంచి లారీల ఎలక్ట్రీషియన్ను పిలిపించి, డైనమో తీయించి, నిదానంగా దున్నినా లైట్లు బాగా వెలిగేలా ఆల్టర్నేటర్ పెట్టించాడు.

పోతూ పోతూ అతను హెచ్చరించాడు. "ఏమప్పా, పాతదానికి బ్యాటరీ ప్లస్సు బాడీకి ఉండ్య. దీనికి మైనస్సు బాడీకి పోవల్ల. తిరగేస్తివంటే పొగే."

బ్యాటరీ మీది గుర్తులు ఎప్పుడో మాసిపోయాయి. మా అవ్వ భరిణలోంచి నాయన కుంకుమ తెచ్చి, నూనెలో కలిపి, ప్లస్సు టెర్మినల్ మీద గుర్తుగా బొట్టు పెట్టాడు.

ఆయుధ పూజకు బ్యాటరీ ఊడదీసి తుడిచి, కొడవళ్ల పక్కన, పారల పక్కన వరసలో పెట్టాం. నాయన తల్లి, మా అవ్వ, పళ్లెం పట్టుకుని అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. ఒకదానికి పెట్టి ఇంకొకదాన్ని వదిలేయడం ఆమెకు చేతకాదు. బ్యాటరీ టెర్మినళ్లు రెండింటికీ పెట్టింది.

మరునాడే వాన పడింది. నాయన ఆదరాబాదరాగా బ్యాటరీ బిగించాడు. రెండింటికీ బొట్టుంది. చెయ్యి పాత అలవాటు చొప్పున ప్లస్సునే బాడీకి కలిపింది. బుస్సుమని పొగ లేచింది. కొత్త ఆల్టర్నేటర్ కథ అంతటితో సరి.

వాలులో తోసి స్టార్ట్ చేసి, లైట్లు లేవు కాబట్టి పగటిపూట మాత్రమే దున్నాం. సగం చేను విత్తేసరికి పదును ఆరిపోయింది. బీడుపడిన ఆ సగాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ఏమాయెరా?" అని అవ్వ అడిగింది.

"ఆ హిందూపురమోడు నాసి సామాను ఏసినాడులేమ్మా," అన్నాడు నాయన, తలెత్తకుండా. ఒక పనివాణ్ణి నాయన అంత మాటనడం నేనెప్పుడూ వినలేదు. ఎందుకన్నాడో తెలుసు కాబట్టి నేనూ ఊఁ కొట్టాను.

కొన్నాళ్లకు ఎలక్ట్రీషియన్ మళ్లీ వచ్చాడు. కాలిన సామాను విప్పి, "తిరగేసినావు గదప్పా, గుర్తు పెట్టుకోలేదా?" అన్నాడు. నాయన విప్పిన బోల్టులు ఏరసాగాడు. అవ్వ మాట వినబడే దూరంలోనే, గడప దగ్గర కూర్చుని ఉలవలు చెరుగుతోంది. చేట ఆగలేదు.

మరుసటి ఏడు ఆయుధ పూజ నాడు అవ్వ ఎప్పటిలాగే వరసంతా బొట్లు పెట్టుకుంటూ బ్యాటరీ దగ్గరికొచ్చి ఆగింది. వేలికి కుంకుమ అట్లే ఉంది.

"ఈ తూరి ఒగదానికే పెడ్తా," అంది కొడుకుతో. "యాడ పెట్టల్లో చూపీరా."